పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద ఎంత బరువు పెట్టొచ్చు? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఫ్రెష్‌మన్ కథ

ఈ రోజు మన టాపిక్ అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్. "మాకు ఎన్‌బీఏనే అంతంత మాత్రం తెలుసు, మళ్లీ కాలేజీ బాస్కెట్‌బాల్ ఏంటి" అంటారేమో. కొంచెం ఓపిక పట్టండి. కాలేజీలో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద ఒక ఊరంతా, ఒక్కోసారి దేశమంతా ఆశలు పెట్టుకుంటే ఏమవుతుంది? అసలు ఆ ఆశల్ని తయారుచేసేది ఎవరు? ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే.

ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. మన దగ్గర కాలేజీ మ్యాచ్ అంటే చూడ్డానికి వచ్చేది హాస్టల్ ఫ్రెండ్సే. అక్కడ అలా కాదు. మనవాళ్లు ఎమ్మెస్‌కి వెళ్లే యూనివర్సిటీల్లో చాలావాటికి వేలమంది పట్టే ఇండోర్ స్టేడియాలున్నాయి, టీవీ కాంట్రాక్టులున్నాయి. మార్చి నెలలో నాకౌట్ టోర్నమెంట్ జరుగుతుంది. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. అందులో చివరి నాలుగు జట్ల దశని ఫైనల్ ఫోర్ అంటారు. ఫ్రెష్‌మన్ అంటే డిగ్రీ ఫస్టియర్ కుర్రాడు. కోచ్‌లు హైస్కూళ్లకి వెళ్లి, ఇళ్లకి వెళ్లి, అమ్మానాన్నలతో మాట్లాడి మంచి ఆటగాళ్లని తెచ్చుకుంటారు. దాన్నే రిక్రూటింగ్ అంటారు. ఈ కుర్రాళ్లకి ర్యాంకులిచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. ఒక స్టార్ నుంచి ఐదు స్టార్ల దాకా. ఫైవ్ స్టార్ కుర్రాడు మీ కాలేజీకి వస్తున్నాడంటే ఇక ఊళ్లో పండగే.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. 1972 ముందు పరిస్థితి వేరు. యుద్ధకాలంలాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, పెద్ద కాలేజీల్లో ఫస్టియర్ కుర్రాళ్లని మెయిన్ టీమ్‌లో ఆడనిచ్చేవాళ్లు కాదు. మెయిన్ టీమ్‌ని వార్సిటీ అంటారు. ఫస్టియర్ వాళ్లకి విడిగా ఒక జట్టు, విడిగా మ్యాచ్‌లు. ముందు చదువులో కుదురుకో, హాస్టల్‌కి అలవాటు పడు, ఆట తర్వాత చూద్దాం అన్నది అప్పటి లెక్క.

ఈ రూల్ వల్ల ఒక వింత మ్యాచ్ జరిగింది. న్యూయార్క్‌లో లూ అల్సిండర్ అని ఒక హైస్కూల్ కుర్రాడు. ఏడడుగుల పైన ఎత్తు. ఆ స్కూల్ జట్టు వరసగా 71 మ్యాచ్‌లు గెలిచింది. దేశంలో ఉన్న కాలేజీలన్నీ అతని వెంటపడితే, అతను లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో చేరాడు. ఆ కాలేజీ అప్పటికే 1964, 1965 జాతీయ టైటిళ్లు గెలిచి ఉంది. 1965 నవంబర్ 27న కొత్త స్టేడియం పాలీ పెవిలియన్‌లో మొదటి మ్యాచ్ పెట్టారు. ఒకవైపు దేశంలో నంబర్ వన్ ర్యాంకున్న వార్సిటీ జట్టు, ఇంకోవైపు సొంత కాలేజీ ఫస్టియర్ కుర్రాళ్లు. ఫలితం? ఫస్టియర్ వాళ్లు 75-60తో గెలిచారు. అల్సిండర్ ఒక్కడే 31 పాయింట్లు కొట్టాడు, 21 రీబౌండ్లు పట్టాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ఏడాది అల్సిండర్ గనక వార్సిటీలో ఆడి ఉంటే? కానీ రూల్ రూలే. అతను ఫస్టియర్ జట్టులోనే ఆడాడు. ఆ జట్టు 21 మ్యాచ్‌లు ఆడి 21 గెలిచింది. అదే ఏడాది వార్సిటీ జట్టు జాతీయ టోర్నమెంట్‌కి కూడా అర్హత సాధించలేదు. అయినా అల్సిండర్‌ని ఎవరూ ఏమీ అనలేదు. అసలు అతన్ని అడిగే హక్కే ఎవరికీ లేదు కదా. తర్వాతి మూడేళ్లలో కోచ్ జాన్ వుడెన్ దగ్గర అల్సిండర్ ఆడిన జట్టు 88 మ్యాచ్‌లు గెలిచి రెండే రెండు ఓడింది. 1967, 1968, 1969 మూడు టైటిళ్లూ వాళ్లవే. ఆ అల్సిండరే తర్వాత పేరు మార్చుకుని కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యాడు.

ఆ రూల్ పూర్తిగా మంచిదని నేను అనను. ఆడగలిగినవాణ్ణి ఒక ఏడాది పక్కన కూర్చోబెట్టడం అన్యాయమే. కానీ ఆ ఏడాది ఒక గొడుగులా కూడా పనిచేసింది. తప్పులు చేసినా టీవీలో రావు, ఓడినా హెడ్‌లైన్ కావు.

1972లో ఆ గొడుగు తీసేశారు. 1972-73 సీజన్ నుంచి ఫ్రెష్‌మన్లు వార్సిటీలో ఆడొచ్చన్నారు. దానికి ఒక పెద్ద కారణం డబ్బు. విడిగా ఇంకో జట్టు నడపాలంటే ఖర్చు కదా, అది తగ్గుతుంది. కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారా లేదా అన్న చర్చ కంటే బడ్జెట్ లెక్క బలంగా పనిచేసింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ఈ కథలో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది.

రూల్ మారగానే ఫస్టియర్ వాళ్లు దుమ్ము దులిపేశారా అంటే, లేదు. 1986లో లూయివిల్ కాలేజీ తరఫున పెర్విస్ ఎల్లిసన్ ఫైనల్‌లో 25 పాయింట్లు కొట్టి టోర్నమెంట్ బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. 1944లో యూటాకి ఆడిన ఆర్నీ ఫెరిన్ తర్వాత ఒక ఫ్రెష్‌మన్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అంటే అప్పటికి ఫ్రెష్‌మన్ బాగా ఆడితే అది బోనస్. ఆడకపోతే "పిల్లాడు, నేర్చుకుంటాడులే" అని వదిలేసేవాళ్లు.

ఆ మాట మారింది 1991లో. మిషిగన్ యూనివర్సిటీకి ఒకేసారి ఐదుగురు కుర్రాళ్లొచ్చారు. క్రిస్ వెబర్, జేలెన్ రోజ్ డెట్రాయిట్ వాళ్లు. జువాన్ హోవర్డ్ షికాగో. జిమ్మీ కింగ్, రే జాక్సన్ టెక్సస్. వీళ్లకి పెట్టిన పేరు ఫ్యాబ్ ఫైవ్. పొడుగు షార్ట్‌లు, నల్ల సాక్సులు, గుండు, కోర్టులో ఎదుటివాడితో మాటల యుద్ధం. 1992 ఫిబ్రవరిలో కోచ్ స్టీవ్ ఫిషర్ ఐదుగురినీ కలిపి మ్యాచ్ మొదలుపెట్టించాడు. ఐదుగురు ఫస్టియర్ కుర్రాళ్లు స్టార్టర్లుగా జాతీయ ఫైనల్‌కి వెళ్లారు. అక్కడ డ్యూక్ చేతిలో 71-51తో ఓడారు. డ్యూక్‌లో క్రిస్టియన్ లెట్నర్ ఫైనలియర్, బాబీ హర్లీ థర్డియర్. పైగా ముందు ఏడాది టైటిల్ గెలిచిన జట్టు.

తర్వాతి ఏడాది మళ్లీ ఫైనల్. ఈసారి నార్త్ కరోలైనాతో. 11 సెకన్లు మిగిలున్నాయి, మిషిగన్ రెండు పాయింట్లు వెనక. బంతి వెబర్ చేతిలో ఉంది. ఇద్దరు చుట్టుముట్టారు. టైమ్ అవుట్ అడిగాడు. కానీ ఆ జట్టుకి టైమ్ అవుట్లు అయిపోయాయి. టెక్నికల్ ఫౌల్, 77-71తో ఓటమి. అప్పటికి వెబర్ వయసు ఇరవై. ఆ కొద్ది సెకన్లని ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తూనే ఉన్నారు.

ఇక్కడ డబ్బు పాయింట్ మళ్లీ వస్తుంది. ఆ రెండేళ్లూ మిషిగన్ జెర్సీలు, షార్ట్‌లు దేశమంతా అమ్ముడుపోయాయి. టీవీలో వాళ్లే. రూల్స్ ప్రకారం ఆ కుర్రాళ్లకి అందులో పైసా వాటా లేదు. తర్వాత కాలంలో, జట్టు చుట్టూ తిరిగే ఒక వ్యక్తి దగ్గర వెబర్ డబ్బు తీసుకున్నాడన్న కేసు బయటికొచ్చి, 2002లో మిషిగన్ ఆ ఫైనల్ ఫోర్ బ్యానర్లని దించేసింది. వెబర్ చేసింది రూల్స్ ప్రకారం తప్పే, కాదనను. కానీ లెక్క చూడండి. ఆశలతో వ్యాపారం చేసినవాళ్లు పెద్దవాళ్లు, బ్యానర్ కిందికి వచ్చింది కుర్రాళ్లది.

ఇంకో మలుపు 2005. అప్పటిదాకా కెవిన్ గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్‌లాంటివాళ్లు హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకి వెళ్లారు. 2005లో ఎన్‌బీఏ, ఆటగాళ్ల సంఘం కలిసి చేసుకున్న ఒప్పందంలో కొత్త షరతు వచ్చింది. డ్రాఫ్ట్‌లోకి రావాలంటే 19 ఏళ్లు ఉండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూల్ అయ్యి ఒక ఏడాది గడవాలి. 2006 నుంచి అమలు. దీంతో గొప్ప ఆటగాళ్లంతా కాలేజీకి ఒక్క ఏడాది వచ్చి వెళ్లిపోవడం మొదలైంది. దీన్నే వన్ అండ్ డన్ అంటారు.

దీనితో ఫ్రెష్‌మన్ అనే మాటకి అర్థమే మారిపోయింది. ఇంతకుముందు ఫస్టియర్ అంటే మొదలు. ఇప్పుడు టాప్ ర్యాంకు కుర్రాడికి అదే మొదలు, అదే చివర. నేర్చుకోవడానికి టైమ్ లేదు. నవంబర్‌లో మొదలుపెట్టి మార్చికల్లా టైటిల్ తేవాలి.

మరి తెచ్చారా? కొన్ని ఉదాహరణలు చూద్దాం. 2007లో టెక్సస్ కుర్రాడు కెవిన్ డ్యురాంట్ ఫ్రెష్‌మన్‌గానే దేశంలో బెస్ట్ ప్లేయర్ అవార్డు కొట్టాడు. అలా కొట్టిన మొదటి ఫ్రెష్‌మన్ అతనే. అతని జట్టు టోర్నమెంట్ రెండో రౌండ్‌లోనే ఇంటికెళ్లింది. 2016లో బెన్ సిమన్స్ డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. అతని కాలేజీ ఎల్‌ఎస్‌యూ టోర్నమెంట్‌లోనే లేదు. 2017లో మార్కెల్ ఫుల్జ్ నంబర్ వన్. అతని జట్టు వాషింగ్టన్ 9 గెలిచి 22 ఓడింది. 2025లో రట్గర్స్‌కి డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ ఇద్దరూ ఉన్నారు, డ్రాఫ్ట్‌లో రెండో నంబర్, ఐదో నంబర్. జట్టు రికార్డు 15-17.

అయితే గెలిచినవాళ్లు కూడా ఉన్నారు. 2012 కెంటకీ. ఆంథొనీ డేవిస్, మైకేల్ కిడ్ గిల్‌క్రిస్ట్ ఫ్రెష్‌మన్లు, డ్రాఫ్ట్‌లో ఒకటి, రెండు నంబర్లు. ఫైనల్‌లో డేవిస్ పది షాట్లు వేస్తే ఒక్కటే పడింది. మొత్తం 6 పాయింట్లు. అయినా బెస్ట్ ప్లేయర్ అతనే. ఎందుకంటే 16 రీబౌండ్లు పట్టాడు, 6 షాట్లు బ్లాక్ చేశాడు. పాయింట్ల పని ఎవరు చూశారు? సెకండియర్ డోరన్ లాంబ్, 22 పాయింట్లు. బెంచ్ మీదనుంచి వచ్చేది డేరియస్ మిల్లర్, ఫైనలియర్. అంటే ఆ కుర్రాడి షాట్ పడని రోజున మోయడానికి పక్కన వేరేవాళ్లున్నారు.

అదే కెంటకీ 2013-14లో ఇంకా పెద్ద బ్యాచ్‌ని తెచ్చింది. సీజన్ మొదలవకముందే నంబర్ వన్ ర్యాంకు. 40-0 అని టీషర్టులు కూడా వేసేశారు, అంటే ఒక్క మ్యాచ్ కూడా ఓడరట. టోర్నమెంట్‌కి ముందే పది ఓడారు. అప్పుడు అందరూ తిట్టారు. తర్వాత ఎనిమిదో సీడ్‌గా దిగి ఫైనల్ దాకా వెళ్లి కనెటికట్ చేతిలో 60-54తో ఓడారు. నిజానికి ఐదుగురు ఫస్టియర్ స్టార్టర్లతో ఫైనల్ ఆడటం గొప్ప విషయం. కానీ టీషర్టు మీద 40-0 అని ఉంటే, ఫైనల్ కూడా ఫెయిల్యూర్‌లాగే కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఉదాహరణ. 2019లో డ్యూక్‌కి జయాన్ విలియమ్సన్, ఆర్‌జే బ్యారెట్, క్యామ్ రెడిష్ ముగ్గురూ ఫ్రెష్‌మన్లే. ఆ ఏడాది దేశం మొత్తం మాట్లాడుకున్నది వాళ్ల గురించే. మిషిగన్ స్టేట్ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో, 68-67తో ఓడి ఫైనల్ ఫోర్‌కి కూడా వెళ్లలేదు. ఆ ఏడాది టైటిల్ గెలిచింది వర్జీనియా. ఫైనల్‌లో 27 పాయింట్లు కొట్టిన కుర్రాడి పేరు డియాండ్రె హంటర్. అతను కాలేజీలో చేరిన మొదటి ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోచ్ అతన్ని రెడ్‌షర్ట్ చేశాడు, అంటే ప్రాక్టీస్ చెయ్యి, మ్యాచ్‌లు వద్దు అని. 1972కి ముందు రూల్ అందరికీ ఇచ్చిన ఆ ఖాళీ ఏడాదిని, ఇక్కడ ఒక కోచ్ ఒక కుర్రాడికి ఇచ్చాడు. ఫైనల్ అయిన రెండు నెలలకి హంటర్ డ్రాఫ్ట్‌లో నాలుగో నంబర్.

ఇక ప్రస్తుతానికి వద్దాం. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025-26 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. ఇది న్యాయం. ఫ్యాబ్ ఫైవ్‌కి దక్కనిది ఇప్పటివాళ్లకి దక్కుతోంది. కానీ డబ్బుతోపాటు ఇంకో ప్రశ్న కూడా వచ్చింది: "ఇంత తీసుకున్నావు, ఏం చేశావు?" పైగా ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ఇప్పుడు తేలిగ్గా మారిపోవచ్చు. అంటే హైస్కూల్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు పోటీపడేది ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లతో. 2025లో డ్యూక్ ఫ్రెష్‌మన్ కూపర్ ఫ్లాగ్ దేశంలో బెస్ట్ ప్లేయర్. సెమీఫైనల్‌లో హ్యూస్టన్ చేతిలో 70-67తో ఓడాడు. టైటిల్ గెలిచిన ఫ్లోరిడాలో హీరో వాల్టర్ క్లేటన్ జూనియర్, ఫైనలియర్. అతను మొదట ఆడింది ఐయోనా అనే చిన్న కాలేజీలో.

ఫ్లాగ్, హార్పర్‌లాంటివాళ్ల సంగతి సరే, వాళ్లు ఎలాగూ ఎన్‌బీఏకి వెళ్తారు. నాకు బెంగ యాభయ్యో, ఎనభయ్యో ర్యాంకు కుర్రాడి గురించి. ఊళ్లో వాడే హీరో. కాలేజీకి వచ్చాక మ్యాచ్‌కి ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. మార్చి అయ్యేసరికి వాడి ప్లేస్‌లో ఇంకో కాలేజీ నుంచి సీనియర్‌ని తెచ్చేస్తారు. వాడు ఫెయిల్ అయ్యాడా? లేదు. వాడికి ఇవ్వాల్సిన టైమ్‌ని ఎవరూ ఇవ్వలేదు.

ఈ అరవై ఏళ్లలో ఆట మారింది, రూల్స్ మారాయి. కానీ ప్రతిసారీ కుర్రాడి మీద ఎంత ఆశ పెట్టాలో తేల్చింది పెద్దవాళ్ల అవసరాలే. ఒకసారి బడ్జెట్, ఒకసారి జెర్సీలు, ఒకసారి డ్రాఫ్ట్ ఒప్పందం. పద్దెనిమిదేళ్ల వయసు మాత్రం పద్దెనిమిదేళ్లే.

అందుకే ఈసారి అక్టోబర్, నవంబర్‌లో మీ ఫోన్‌లో "ఈ ఫ్రెష్‌మన్ అదరగొడతాడు" అని రీల్ కనిపిస్తే, అతను ఎన్ని స్టార్లు అని అడక్కండి. మూడు ప్రశ్నలు అడగండి. అతని పక్కన సీనియర్లు ఎవరున్నారు? అతనికి ఇచ్చిన పని ఒకటేనా, పదా? తప్పు చేస్తే ఎన్ని మ్యాచ్‌లు ఆగుతారు? ఈ మూడిటికి మంచి జవాబులున్న చోట ఆశ పెట్టుకోండి, తప్పులేదు. లేని చోట ఆ కుర్రాణ్ణి కొంచెం వదిలెయ్యండి.

ఇదీ ఈ రోజు ముచ్చట. మీరేమంటారో కింద రాయండి, చదువుతాను.