ముక్కులో చల్లే ఫ్లూ టీకా: రక్తపరీక్షకు అందని రక్షణ

ఫ్లూ టీకాలు ప్రధానంగా రెండు రకాలు. నిర్జీవ వైరస్‌తో తయారుచేసి సూదితో ఇచ్చేది ఒకటి. బలహీనపరచిన సజీవ వైరస్‌ను తుంపరగా ముక్కులో చల్లేది మరొకటి. స్వైన్ ఫ్లూను ఎదుర్కొనేందుకు పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2010లో విడుదల చేసిన ‘నాసోవ్యాక్’ రెండవ రకానికి చెందినది. సూది గుచ్చే పని లేదు. ఒక కోడిగుడ్డు నుంచి నిర్జీవ టీకా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ డోసులు లభిస్తాయి. పేద దేశాలు దీనిపై ఆసక్తి చూపడానికి కారణం అదే. అయితే ఈ టీకా ఎంత సురక్షితమో, ఎంత పనిచేస్తుందో తేల్చడం అంత తేలిక కాదు.

దీనికి మూలమైన వైరస్‌ను ప్రయోగశాలలో క్రమంగా తక్కువ ఉష్ణోగ్రతకు అలవాటు చేస్తారు. అది 25 డిగ్రీల సెల్సియస్ వద్ద చక్కగా పెరుగుతుంది. 39 డిగ్రీల వద్ద పెరగలేదు. అందువల్ల చల్లగా ఉండే ముక్కులో వృద్ధి చెందుతుంది గాని, వెచ్చని ఊపిరితిత్తుల్లో నిలదొక్కుకోలేదు. అమెరికా టీకాకు 1960లో ఆన్ ఆర్బర్‌లో సేకరించిన వైరస్, భారత టీకాకు 1957 నాటి లెనిన్‌గ్రాడ్ వైరస్ మాతృకలు. ఆ ఏడాది వ్యాపించే ఫ్లూ వైరస్ ఉపరితల ప్రోటీన్ల జన్యువులను ఈ మాతృకకు జోడిస్తారు.

సజీవ వైరస్ అనగానే తల్లిదండ్రులకు కలిగే మొదటి సందేహం న్యాయమైనదే: ఇది పక్క పిల్లలకు అంటుకోదా? ఫిన్లాండ్ శిశు సంరక్షణ కేంద్రాల్లో 197 మంది చిన్నారులపై జరిగిన అధ్యయనం దీనికి సమాధానం వెదికింది. సగం మందికి టీకా, సగం మందికి మందు లేని తుంపర ఇచ్చి, ముక్కు స్రావాలను పరీక్షిస్తూ వచ్చారు. టీకా పొందిన పిల్లల్లో అత్యధికులు వైరస్‌ను వెలువరించారు. అయినా టీకా పొందని ఒక్క చిన్నారికే అది సోకినట్లు నిర్ధారణ అయింది. ఆ వైరస్ కూడా తన బలహీన లక్షణాలను కోల్పోలేదు.

అసలు హెచ్చరిక మరోచోట ఎదురైంది. 2007లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ముక్కు టీకా పొందిన పసికందుల్లో పిల్లికూతలతో కూడిన ఆయాసం ఎక్కువగా కనిపించింది. అందుకే రెండేళ్లలోపు పిల్లలకు దీన్ని ఇవ్వరు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి కూడా సిఫారసు చేయరు.

రోగనిరోధక స్పందనను కొలవడం ఇంకా చిక్కైన వ్యవహారం. సూది టీకా విషయంలో రక్తంలోని యాంటీబాడీలను కొలుస్తారు. వాటి స్థాయి 40కి చేరితే సగం మందికి రక్షణ ఉంటుందని స్థూలంగా అంచనా. ముక్కు టీకాకు ఈ కొలబద్ద సరిపోదు. దాని రక్షణలో ఎక్కువ భాగం ముక్కు లోపలి పొరల్లోని యాంటీబాడీల నుంచి, టి కణాల నుంచి లభిస్తుంది. రక్తపరీక్షలో మార్పు కనిపించని పిల్లలకు కూడా రక్షణ ఉండవచ్చు. కాబట్టి చివరకు మిగిలే నమ్మకమైన మార్గం ఒక్కటే: ఎందరికి ఫ్లూ వచ్చిందో లెక్కించడం.

ఆ లెక్క ఎంత అవసరమో 2013లో తెలిసివచ్చింది. పూణె టీకానే బంగ్లాదేశ్, సెనెగల్ దేశాల్లో ఐదేళ్లలోపు పిల్లలపై పరీక్షించారు. బంగ్లాదేశ్‌లో టీకాతో సరిపోలిన వైరస్‌ల నుంచి సుమారు 58 శాతం రక్షణ లభించింది. సెనెగల్‌లో ప్రయోజనమే కనిపించలేదు. అమెరికాలోనూ అక్కడి ముక్కు టీకా స్వైన్ ఫ్లూ వైరస్‌పై విఫలం కావడంతో, 2016 నుంచి రెండు సీజన్లపాటు దాని సిఫారసును నిలిపివేశారు. కారణం కొంతవరకు గాంబియా అధ్యయనంలో బయటపడింది. టీకాలో వాడిన 2009 నాటి కాలిఫోర్నియా వైరస్ పిల్లల ముక్కులో సరిగా పెరగడం లేదు. దాని స్థానంలో న్యూయార్క్ వైరస్‌ను చేర్చాక స్పందన మెరుగుపడింది. పెరగని సజీవ టీకా అతి సురక్షితంగా కనిపించవచ్చు గాని, దానివల్ల రక్షణ ఉండదు.

మన దేశంలో ఈ విషయాన్ని సూటిగా పరిశీలించినది హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో 2015లో మొదలైన ప్రయోగం. రెండు నుంచి పదేళ్ల వయసున్న మూడు వేల మందికి పైగా పిల్లలు ఇందులో పాల్గొన్నారు. పోలిక కోసం కొందరికి మందు లేని తుంపర ఇచ్చారు. మరికొందరికి వేసినది పోలియో సూది. తొలి ఏడాది ముక్కు టీకా రక్షణ 40 శాతం వద్ద ఆగగా, సూది టీకా 60 శాతానికి చేరింది. రెండో ఏడాది రెండూ 50 శాతం దగ్గర ఇంచుమించు సమానంగా నిలిచాయి.