పెరటి వేధశాల: నీహారికల ఛాయాగ్రహణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

నగర శివారు ఇళ్ల పెరళ్లలో దూరదర్శినిని నిలిపి, ఇంట్లోని కంప్యూటరు ద్వారా దానిని నడుపుతూ నీహారికలను ఛాయాచిత్రాలు తీయడం నేడు ఔత్సాహిక ఖగోళ పరిశీలకులలో బాగా విస్తరించిన పద్ధతి. దీనిని డిజిటల్ యుగం తెచ్చిన కొత్త వ్యాపకంగా భావించడం పరిపాటి. అయితే దీని మూలాలు 19వ శతాబ్దంలో ఉన్నాయి. నీహారికల ఛాయాగ్రహణం పుట్టింది ఔత్సాహికుల ఇళ్ల ఆవరణల్లోనే. వెలుగు నిండిన ఆకాశం నుంచి మసక కాంతిని వేరుచేసే సూత్రం 1868లో గుంటూరులో ప్రయోగానికి నిలిచింది. ఈ రెండు ధారలు నేటి పెరటి వేధశాలలో ఎలా కలిశాయో, ఆ కలయికకు ఉన్న పరిమితులేమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: నీహారికలు, ఖగోళ ఛాయాగ్రహణం, వర్ణపటదర్శిని, గుంటూరు సూర్యగ్రహణం, కాంతి కాలుష్యం, దూరనియంత్రణ.

1. ఉపోద్ఘాతం:

నక్షత్రాల మధ్య వ్యాపించిన వాయు ధూళి మేఘాలను నీహారికలు అంటారు. వీటి వైశాల్యం పెద్దది, కాంతి స్వల్పం. ఆకాశంలో పున్నమి చంద్రునికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన నీహారిక కూడా కంటికి కనిపించకపోవచ్చు. కంటికి కాంతిని కూడబెట్టుకొనే శక్తి లేదు. ఛాయాచిత్ర ఫలకానికి ఆ శక్తి ఉంది. నీహారికల అధ్యయనంలో ఛాయాగ్రహణానికి అంతటి ప్రాధాన్యం రావడానికి ఇదే కారణం.

అయితే ఫలకం నీహారిక కాంతితోపాటు ఆకాశపు వెలుగును కూడా కూడబెడుతుంది. వీధిదీపాల కాంతి ధూళికణాలపై, గాలి అణువులపై పడి చెదరడం వల్ల నగరాలపై రాత్రి ఆకాశం తెల్లబడుతుంది. నీహారికను చిత్రించేవారికి మొదటి నుంచీ ఎదురైన సమస్య ఇదే. దీనికి చరిత్రలో రెండు సమాధానాలు కనిపిస్తాయి. మొదటిది చీకటి ఉన్న చోటికి తరలిపోవడం. రెండవది ఉన్నచోటనే ఉండి, కావలసిన కాంతిని మాత్రమే ఏరుకోవడం. నేటి పెరటి వేధశాల ఈ రెండవ సమాధానానికి వారసురాలు.

2. ఇంటి ఆవరణలో పుట్టిన విద్య:

నీహారికకు తొలి ఛాయాచిత్రం తీసిన హెన్రీ డ్రేపర్ వృత్తిరీత్యా వైద్యుడు. 1880 సెప్టెంబరు 30న న్యూయార్క్ సమీపంలోని హేస్టింగ్స్-ఆన్-హడ్సన్‌లో, తమ కుటుంబపు ఎస్టేటులో నిర్మించుకొన్న వేధశాల నుంచి 11 అంగుళాల దూరదర్శినితో ఓరియన్ నీహారికను చిత్రించాడు. ఆరుద్ర నక్షత్రం ఉన్న ఓరియన్ మండలంలోని ఈ నీహారిక, ప్రకాశవంతమైన నీహారికల్లో ఒకటి. దానికే 51 నిమిషాల కాంతి సేకరణ అవసరమైంది. 1882 మార్చిలో ఆయన ఆ కాలాన్ని 137 నిమిషాలకు పెంచి మరింత మెరుగైన చిత్రం సాధించాడు. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడి ఫలకం ఈ దీర్ఘకాల సేకరణకు దారి వేసింది. అంతకుముందు వాడిన తడి ఫలకం కొద్ది నిమిషాలలోనే ఆరిపోయి పనికిరాకుండా పోయేది.

రెండవ ఘట్టం లండన్ శివారైన ఈలింగ్‌లో జరిగింది. ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ పారిశుద్ధ్య ఇంజనీరు. తన ఇంటి తోటలో 36 అంగుళాల పరావర్తక దూరదర్శినిని నెలకొల్పి, 1883 జనవరి 30న ఓరియన్ నీహారికను చిత్రించాడు. ఆ దూరదర్శినిలో కంటికి కనిపించని నక్షత్రాలు కూడా ఆ ఫలకంపై నమోదయ్యాయి. కంటికంటే ఫలకం ఎక్కువ చూడగలదని రుజువు చేసిన చిత్రంగా చరిత్రకారులు దీనిని గుర్తిస్తారు. 1884లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ప్రదానం చేసింది.

మూడవవాడు ఐజాక్ రాబర్ట్స్, లివర్‌పూల్‌కు చెందిన భవన నిర్మాణ వ్యాపారి. 1888 డిసెంబరులో ఆ నగర శివారైన మఘల్ నుంచి, 20 అంగుళాల దూరదర్శినితో సుమారు 4 గంటలపాటు ఆండ్రోమెడాను చిత్రించాడు. ఆనాడు దానిని కూడా నీహారికగానే భావించేవారు. దాని సర్పిలాకృతి స్పష్టంగా వెల్లడైంది ఆ చిత్రంలోనే.

ఈ ముగ్గురూ జీతానికి వేధశాలలో పనిచేసినవారు కారు. ఇల్లు, తోట, స్వార్జితం వారి ఆధారాలు. తెలుగునాట కూడా ఇటువంటి సంప్రదాయం లేకపోలేదు. విశాఖపట్నంలోని డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాలను స్థాపించగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించాడు. నిజామియా వేధశాల సైతం 1901లో హైదరాబాదులో నవాబ్ జాఫర్ జంగ్ సొంత ఆసక్తితో ప్రారంభమైనదే.

3. తరలింపు మార్గం:

నగరాల పొగ, వెలుగు ఈ తోట వేధశాలలను నిలవనివ్వలేదు. రాబర్ట్స్ 1890లో లివర్‌పూల్ పరిసరాలను వదిలి ససెక్స్‌లోని క్రోబరో కొండ ప్రాంతానికి వెళ్లిపోయాడు. కామన్ దూరదర్శిని 1885లో హాలిఫాక్స్‌కు చెందిన ఎడ్వర్డ్ క్రాస్లీ చేతికి వెళ్లింది. ఆ పారిశ్రామిక పట్టణపు ఆకాశం కింద దానివల్ల పెద్దగా ప్రయోజనం కలగలేదు. 1895లో క్రాస్లీ దానిని కాలిఫోర్నియాలో కొండపై ఉన్న లిక్ వేధశాలకు బహూకరించాడు. అక్కడ జేమ్స్ కీలర్ 1898 నుంచి 1900లో మరణించేవరకు తీసిన చిత్రాలు, సర్పిలాకృతులు అంతకుముందు ఊహించినదానికంటే ఎంతో ఎక్కువ సంఖ్యలో ఉన్నాయని చూపాయి. దూరదర్శిని అదే. మారింది దాని నెత్తిన ఉన్న ఆకాశం.

హైదరాబాదు అనుభవం కూడా ఇదే. నిజామియా వేధశాల బేగంపేటలో ఉండి, అంతర్జాతీయ నక్షత్ర ఛాయాచిత్ర పటం పథకంలో తనకు కేటాయించిన భాగాన్ని పూర్తి చేసింది. నగరం విస్తరించిన తర్వాత 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్ గ్రామాల వద్ద నెలకొల్పింది. సంస్థలు ఇలా తరలిపోగలవు. ఉద్యోగం, సంసారం నగరంతో ముడిపడిన ఔత్సాహికునికి ఈ మార్గం సులభం కాదు. అతని పెరడు ఉన్నచోటనే ఉంటుంది, దాని చుట్టూ దీపాలు పెరుగుతాయి.

4. ఏరుకొనే మార్గం – టల్స్ హిల్ నుంచి గుంటూరు వరకు:

రెండవ సమాధానానికి పునాది వేసింది కూడా ఒక ఇంటి వేధశాలే. పట్టుబట్టల వ్యాపారం వదిలి ఖగోళ పరిశీలనకు అంకితమైన విలియం హగ్గిన్స్, దక్షిణ లండన్‌లోని టల్స్ హిల్‌లో తన ఇంటి నుంచి 1864 ఆగస్టు 29న డ్రాకో మండలంలోని ఒక నీహారికను వర్ణపటదర్శినితో పరీక్షించాడు. నక్షత్రకాంతిలా ఏడు రంగులుగా పరచుకొనడానికి బదులు, అది కొద్దిపాటి సన్నని ఆకుపచ్చని గీతలుగా కనిపించింది. అంటే ఆ నీహారిక నక్షత్రాల గుంపు కాదు, వెలిగే వాయువు. అందులోని ప్రధాన రేఖ తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడంతో నెబ్యులియం అనే కొత్త మూలకాన్ని ఊహించారు. రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్ వల్ల ఆ రేఖ ఏర్పడుతుందని 1927లో ఐరా బోవెన్ వివరించాడు. దాని తరంగదైర్ఘ్యం 500.7 నానోమీటర్లు.

ఇంతకాలమూ విడిగా చెప్పుకొంటున్న గుంటూరు ఘటనను ఇక్కడ చేర్చి చూడవలసి ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ జూల్స్ జాన్సెన్ గుంటూరులో, తన దేశానికే చెందిన ఒక వర్తకుని ఇంటి నుంచి సూర్యుని అంచున లేచిన జ్వాలలను వర్ణపటదర్శినితో పరిశీలించాడు. వాటి కాంతి కొన్ని ప్రకాశవంతమైన రేఖలుగా ఉండటం గమనించి, గ్రహణం లేకున్నా ఆ రేఖలు కనిపించాలని తలచాడు. మరునాటి ఉదయం పట్టపగటి వెలుగులోనే వాటిని చూశాడు. ఈ విషయాన్ని తెలుపుతూ కాకినాడ నుంచి 1868 సెప్టెంబరు 19 తేదీతో ఫ్రెంచి అకాడమీకి ఉత్తరం రాశాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే పద్ధతిని స్వతంత్రంగా అక్టోబరు 20న సాధించాడు. అక్టోబరు 26న అకాడమీ సమావేశానికి ఇద్దరి సమాచారమూ చేరడంతో ఘనత ఇరువురికీ దక్కింది.

గుంటూరును హీలియం జన్మస్థలంగా పేర్కొనడం తెలుగు వ్యాసాలలో ఆనవాయితీ. గ్రహణవేళ కనిపించిన పసుపు రేఖ ఒక కొత్త మూలకానిదని అనుమానించి, దానికి హీలియం అన్న పేరు స్థిరపడేలా చేసినది లాకియర్. భూమిపై ఆ వాయువును 1895లో విలియం రామ్సే గుర్తించాడు. అందువల్ల జాన్సెన్ గుంటూరులో కచ్చితంగా సాధించినది మూలకం కంటే పద్ధతి అని చెప్పడం సమంజసం. ఆకాశపు తెల్లని వెలుగులో అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిసి ఉంటాయి. వర్ణపటదర్శిని దానిని పొడవుగా పరచినకొద్దీ ఏ ఒక్క చోటనైనా అది పలుచనవుతుంది. జ్వాల కాంతి ఒకే తరంగదైర్ఘ్యంలో ఉన్నందున అది చెదరక అక్కడే నిలుస్తుంది. వెలుగును ఆర్పకుండానే చీకటిని సృష్టించుకొనే ఉపాయమిది.

నేడు పెరటి దూరదర్శినికి అమర్చే సన్నపట్టీ ఫిల్టరు ఇదే సూత్రానికి మరో రూపం. కంటికి కనిపించే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు విస్తరించి ఉంటుంది. 3 నానోమీటర్ల వెడల్పు గల ఫిల్టరు, ఆ విస్తృతిలో సమంగా పరచుకొన్న కాంతిలో నూరవ వంతును మాత్రమే అనుమతిస్తుంది. హైడ్రోజన్ ఎరుపు రేఖ 656.3 వద్ద గాని, హగ్గిన్స్ చూసిన ఆక్సిజన్ రేఖ 500.7 వద్ద గాని ఆ ఫిల్టరును అమర్చితే నీహారిక కాంతి దాదాపు పూర్తిగా లోపలికి వస్తుంది, వీధిదీపాల వెలుగు చాలావరకు బయటే ఆగిపోతుంది.

5. చేయి దూరమైన తీరు:

ఈ ఏరివేతకు చెల్లించవలసిన మూల్యం కాలం. సన్నని పట్టీగుండా వచ్చే కాంతి కొద్దిపాటిది కనుక దానిని గంటల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి కూడబెట్టాలి. డ్రేపర్ కాలంలో పరిశీలకుడు దూరదర్శినిని వదిలి కదలడానికి వీలులేదు. గడియార యంత్రం దానిని తిప్పుతున్నా, నక్షత్రం గీత తప్పకుండా కన్ను ఆనించి చేత్తో సర్దుతూ ఉండాలి. చలిలో ఒక రాత్రి చేయగలిగిన ఈ పని నలభై రాత్రులు చేయడం మనిషికి సాధ్యం కాదు. దూరనియంత్రణ ఈ అవసరం నుంచి బలపడింది, దానిని సౌకర్యంగా మాత్రమే చూడటం సరికాదు.

మనిషి తోడు లేకుండా నడిచే దూరదర్శిని చరిత్రలోనూ పెరటికి స్థానం ఉంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో లూయిస్ బాయ్డ్ అనే ఇంజనీరు 1983లో తన ఇంటి పెరట్లో పూర్తి స్వయంచాలిత దూరదర్శినిని నడిపాడు. అది కంప్యూటరు ఆదేశాలతో రాత్రంతా నక్షత్రాలను వెతుక్కొని వాటి కాంతిని కొలిచేది. ఆయన, రస్సెల్ జెనెట్ కలిసి సాగించిన ఆ కృషి తర్వాత వృత్తి వేధశాలల కొండలకు ఎక్కింది. 1969లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనుగొన్న సీసీడీ, ఫలకం స్థానాన్ని ఆక్రమించింది. ఫలకం తనపై పడిన కాంతిలో కొద్ది శాతాన్నే నమోదు చేయగా, సీసీడీ సగానికి మించి నమోదు చేయగలదు. పైగా దాని చిత్రం అంకెల రూపంలో ఉంటుంది కనుక తీగ మీదుగా ఇంట్లోకి వస్తుంది.

నేటి పెరటి అమరికలో దూరదర్శిని పక్కనే ఉన్న చిన్న కంప్యూటరు, ఇంట్లోని కంప్యూటరుతో వైఫై ద్వారా అనుసంధానమై ఉంటుంది. ఒక చిత్రం తీసి అందులోని నక్షత్రాల అమరికను పటంతో పోల్చి దూరదర్శిని తానెక్కడ చూస్తున్నదో తెలుసుకొంటుంది. మరో చిన్న కెమెరా ఒక నక్షత్రాన్ని కనిపెట్టి ఉండి, అది జరిగితే మోటార్లకు సవరణ పంపుతుంది. డ్రేపర్ కన్ను, చేయి చేసిన పని ఇప్పుడు దీనిది. చలికి గొట్టం కుదించుకొంటే మరో మోటారు నాభిని సరిచేస్తుంది. కొద్ది నిమిషాల చిత్రాలు వందలుగా తీసి, తర్వాత వాటిని పేర్చి సగటు కడతారు. నూరు చిత్రాలను కలిపితే రొద పదవ వంతుకు తగ్గుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఆగిన పని మరో తెరిపి రాత్రి అక్కడినుంచే సాగుతుంది. ఉదయం కొలువుకు వెళ్లవలసిన వ్యక్తి ఈ రాత్రులన్నీ నిద్రపోగలడు.

6. ఫలితాలు, పరిమితులు:

చేయి దూరమైనందువల్ల పరిశీలన తగ్గిందా అన్న ప్రశ్నకు రెండు ఘటనలు సమాధానమిస్తాయి. 2004 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జే మెక్‌నీల్ తన పెరటి నుంచి 3 అంగుళాల దూరదర్శినితో తీసిన చిత్రంలో, ఓరియన్ మండలంలో పటాలలో లేని ఒక నీహారికను గుర్తించాడు. ఒక శిశు నక్షత్రం ఒక్కసారిగా ప్రకాశించడం వల్ల దాని చుట్టూ ఉన్న ధూళి వెలిగింది. 1966లో తీసిన ఒక ఛాయాచిత్రంలోనూ అది ఉన్నట్లు తర్వాత తేలింది. కెమెరా నమోదు చేయడం, మనిషి చూడటం వేర్వేరు పనులని ఈ ఉదంతం చెబుతున్నది.

రెండవది ఆండ్రోమెడాకు సంబంధించినది. యాన్ సెయింటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్ అనే ఔత్సాహికులు వృత్తి శాస్త్రవేత్తలతో కలిసి 2023 జనవరిలో ఒక ఆవిష్కారాన్ని ప్రచురించారు. 106 మిల్లీమీటర్ల దూరదర్శినితో, నూరు గంటలకు మించిన సేకరణతో, ఆండ్రోమెడా పక్కన మూడు పున్నమి చంద్రులంత పొడవైన వాయువు వంపు బయటపడింది. అది కనిపించింది 500.7 నానోమీటర్ల ఆక్సిజన్ రేఖలో. రాబర్ట్స్ 1888లో చిత్రించిన చోటునే, హగ్గిన్స్ 1864లో చూసిన రేఖలో చూశారు. ఎందరో చిత్రించిన ఆకాశభాగంలో కొత్తది మిగిలి ఉండటానికి కారణం, ఆ రేఖలో అంత ఓపికగా అంతవరకు ఎవరూ చూడకపోవడమే.

పరిమితులను కూడా గుర్తించాలి. సన్నపట్టీ ఫిల్టరు రేఖలుగా వెలిగే వాయు నీహారికలను మాత్రమే కాపాడుతుంది. మెక్‌నీల్ కనుగొన్నటువంటి, నక్షత్రకాంతిని ప్రతిఫలించే ధూళి నీహారికలకు, గెలాక్సీల నక్షత్రకాంతికి ఇది అంతగా పనిచేయదు. వాటి కాంతి కూడా వీధిదీపాల కాంతి వలెనే అన్ని రంగులలో పరచుకొని ఉంటుంది. పసుపు సోడియం దీపాల స్థానంలో తెల్లని ఎల్ఈడీలు రావడంతో ఈ చిక్కు పెరిగింది. ఇక ఫిల్టరు పెట్టని కంటి సంగతి వేరు. మానవాళిలో మూడోవంతుకు పైగా తమ నివాసాల నుంచి పాలపుంతను చూడలేకపోతున్నారని 2016లో వెలువడిన ప్రపంచ కాంతి కాలుష్య పటం తెలిపింది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. నీహారికల ఛాయాగ్రహణం ఔత్సాహికుల ఇళ్ల వద్ద పుట్టి, నగరపు వెలుగు వల్ల కొండలకు తరలి, ఏరివేత పద్ధతి వల్ల మళ్లీ పెరటికి చేరింది. ఆ పద్ధతి చరిత్రలో గుంటూరు, కాకినాడలకు స్థానం ఉంది. హీలియం ప్రస్తావనకే దానిని పరిమితం చేయడం వల్ల ఈ సంబంధం మరుగున పడింది. దూరనియంత్రణ పరిశీలకుని తొలగించలేదు, అతని రాత్రిశ్రమను పగటి పరిశీలనగా మార్చింది. అయితే ఏరివేత చీకటికి ప్రత్యామ్నాయం కాదు. పెరట్లోని కెమెరా వాయువు గీతలను పట్టుకొని రాగలదు. అదే పెరట్లో నిలబడి తలెత్తిన పిల్లవాడికి పాలపుంతను అది చూపలేదు. అందుకు దీపాల వెలుగు నేలవైపే పడేలా చేయడం తప్ప వేరు మార్గం లేదు.