చక్రము చెప్పెడి మాట

ఎండిన నేలపై చక్రము నడుపుట యొక విద్య. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చేరువ వాన మాత్రమే కురియు మన అనంతపురపు మెట్టసీమలో పెద్దలెల్లరు ఎఱిగిన విద్యయే యిది. వేసవిలో బండిచక్రపు కొయ్య యెండి ముడుచుకొనును. ఇనుపపట్టా వదులై చక్రము కటకటలాడును. ఆ సవ్వడి విన్న బండివాడు చక్రమును చెఱువునీట నానవేయును. కొయ్య యుబ్బి పట్టా మరల బిగియును. బిగియనిచో కమ్మరి పట్టాను కుఱుచచేసి, ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీరు పోసి బిగించును.

నా బాల్యమున ఒక కఱవుటేట చెఱువెండెను. మా తండ్రిగారు ఆ సవ్వడి వినియు, "సంతనుండి వచ్చినపిదప చూతము లెమ్ము" అనిరి. త్రోవలో పట్టా జాఱి చక్రము కూలెను, ఎద్దుకాలు విఱిగెను. ఆ యేడు మాకు దుక్కి లేదు.

గాలిచక్రమునకు 1845లోనే రాబర్టు తాంసన్ అను స్కాట్లండు వాడు పేటెంటు పొందెను గాని యది వాడుకకు రాలేదు. జాన్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై దానిని మరల కల్పించి, 1888లో పేటెంటు పొందెను; అటుపిమ్మట లోకమెల్ల వ్యాపించెను. గాలి సుఖము నిచ్చెను గాని కొయ్యవలె మొఱపెట్టదు. గాలి తగ్గిన టైరు నలిగి నలిగి వేడెక్కి, వేగమున పగులును. ఆ మూగచక్రమునకు నోరిచ్చినదే యీ హెచ్చరిక దీపము. 1986లో పోర్షే 959 అను కారున గాలిని కనిపెట్టు యంత్రము నమర్చిరి. అమెరికాలో టైర్లు చెడి, కార్లు బోల్తాపడి రెండువందలకు పైగా జనులు మరణింపగా 2000లో శాసనము చేసిరి. 2007 సెప్టెంబరు నుండి అచ్చటి క్రొత్తకార్లకు దీపము తప్పనిసరి యయ్యెను. మన దేశమున 2020లో, ట్యూబులేని టైర్లును, ఈ యంత్రమును, మరమ్మతు సామగ్రియు గల కార్లకు అదనపుచక్రము అక్కఱలేదని నిబంధన చేసిరి. కావున అట్టి కారున దీపమును నమ్మక తీఱదు.

పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలో 2019 నుండి కియా కర్మాగారము కార్లను చేయుచున్నది. కార్లు మన యిండ్లకును వచ్చినవి. మొన్నటి పుష్యమాసమున ఒక వేకువ నా మనుమని కారున దీపము వెలిగెను. "చలికి తాతా, ఎండెక్కిన నదే ఆఱును" అనెను. నిజమే. సుమారు ఆఱు డిగ్రీల చలికి చదరపుటంగుళమునకు ఒక పౌను చొప్పున ఒత్తిడి తగ్గును. ఆ దినమున దీపమాఱెను. వారము తరువాత మరల వెలిగెను. వాడు మరల నదే మాట యనెను. నాకు మా తండ్రిగారి మాట చెవిని మ్రోగెను. "దిగి చూడుము నాయనా" అంటిని. వెనుక ఎడమటైరున మేకు దిగియుండెను!

కావున పిల్లలకు ఇట్లు చెప్పుడు. దీపము నిలుకడగా వెలిగిన గాలి తగ్గినదని గుఱుతు. బయలుదేఱునపుడు నిమిషముసేపు మినుకుమినుకుమని పిదప నిలిచిన, యంత్రమే చెడినదని గుఱుతు. కారు నడుపక మునుపే, చల్లగా నున్నపుడు గాలి కొలువవలెను. తలుపుచట్రమున వ్రాసిన అంకె ప్రమాణము. టైరుపై నుండునది గరిష్ఠపుహద్దు మాత్రమే. గాలి నింపినను దీపము మరల వెలిగిన, రంధ్రమును వెదకవలెను.

నాడు చక్రము కటకటలాడి చెప్పినది. నేడు దీపమై చెప్పుచున్నది. విని యూరకుండుట మాత్రము మన పాతజబ్బే.