ప్లాస్టిక్ సెమీకండక్టర్ ప్యాకేజీల విద్యుద్బంధక గుణం

ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, ఐసీలలోని సిలికాన్ చిప్‌ను కప్పి ఉంచే నల్లటి తొడుగు చాలావరకు ఎపాక్సీ మోల్డింగ్ కాంపౌండ్‌తో తయారవుతుంది. పేరుకు ప్లాస్టిక్కే గానీ, దాని బరువులో సాధారణంగా 70 నుంచి 90 శాతం సిలికా పొడి. మిగిలినది ఎపాక్సీ రెజిన్, దాన్ని గట్టిపరిచే ఫినాలిక్ రెజిన్, మంటను అడ్డుకునే పదార్థాలు, రంగుకోసం కాస్త కార్బన్. సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వద్ద అచ్చులోకి నెట్టిన ఈ మిశ్రమం ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు.

దీని విద్యుత్ భేదన బలం మిల్లీమీటరుకు 15 కిలోవోల్టుల పైమాటే. కాబట్టి తొడుగు మందాన్ని చీల్చుకుని కరెంటు పారడం అరుదు. బలహీనత ఎక్కువగా ఉపరితలం మీద ఉంటుంది. టీవో-220 ప్యాకేజీలో పక్కపక్క కాళ్ల కేంద్రాల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, కాలి వెడల్పు తీసేస్తే మిగిలే జాగా ఇంకా తక్కువ. అక్కడ దుమ్ము, తేమ చేరితే సన్నని కరెంటు పాకి, ప్లాస్టిక్‌ను మాడ్చి, బొగ్గు దారి వేస్తుంది. దీనినే ట్రాకింగ్ అంటారు. దాన్ని తట్టుకునే శక్తిని కొలవడానికి 0.1 శాతం అమ్మోనియం క్లోరైడ్ ద్రావణాన్ని చుక్కచుక్కగా 50 చుక్కలు వేస్తారు. 600 వోల్టులు, ఆపైన నిలిచినవి మొదటి తరగతి. 175 నుంచి 399 మధ్యవి మూడో తరగతిలో 'ఎ' విభాగం.

మరమ్మతు చేసేవారు ముందుగా చూడవలసింది మాత్రం ప్లాస్టిక్‌ను కాదు, ఇలాంటి ప్యాకేజీ వెనకనున్న లోహపు పలకను. 7805 రెగ్యులేటర్‌లో అది గ్రౌండ్. ఐఆర్‌ఎఫ్540 మాస్‌ఫెట్‌లో డ్రెయిన్. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు నేరుగా బిగిస్తే డ్రెయిన్ గ్రౌండ్‌తో షార్ట్ అవుతుంది. అందుకే మధ్యలో మైకా వాషర్ గానీ సిలికోన్ ప్యాడ్ గానీ, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేస్తారు. మైకా అంటే నెల్లూరు-గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే.

ఆ పలకను కూడా ప్లాస్టిక్‌తో కప్పేస్తే 'ఫుల్‌ప్యాక్' అవుతుంది. బంధకం తేలిక, వేడి పోవడం కష్టం: సిలికా నింపిన ఎపాక్సీ ఉష్ణవాహకత రాగి ముందు లెక్కలోకే రాదు.

వేడెక్కేకొద్దీ, ముఖ్యంగా గాజు సంక్రమణ ఉష్ణోగ్రత (గట్టిపడిన రెజిన్ మెత్తబడటం మొదలయ్యే స్థాయి) దాటాక, రెజిన్‌లో మిగిలిన సోడియం, క్లోరైడ్ అయాన్లకు కదలిక పెరిగి నిరోధకత పడిపోతుంది. పీల్చుకున్న తేమ దీన్ని ఇంకా ముదరబెడుతుంది. సోల్డరింగ్ వేడికి అదే ఆవిరై తొడుగును పగలగొట్టవచ్చు.

ఫుల్‌ప్యాక్ డేటాషీట్లలో కనిపించే 2500 వోల్టుల ఐసొలేషన్ సాధారణంగా ఒక నిమిషం పరీక్షకు చెప్పిన విలువ. ఏళ్ల తరబడి ఆ వోల్టేజీ మీద నడపవచ్చని దానర్థం కాదు.