హలాఖా (యూదు ధర్మశాస్త్రం)

యూదుల నిత్యజీవితాన్ని నడిపే మతనియమాల సముదాయం హలాఖా. యూదుల మూలగ్రంథమైన తోరాలో 613 ఆజ్ఞలున్నాయనీ, వాటిలో 248 విధులు, 365 నిషేధాలనీ సంప్రదాయం చెబుతుంది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చివేయడంతో బలులు ఆగిపోయాయి. ఆపై నియమపాలనకు ఇల్లు, ప్రార్థనామందిరం ముఖ్య స్థానాలయ్యాయి.

సుమారు 200లో యూదా హనాసి మౌఖిక సంప్రదాయాన్ని మిష్నాగా కూర్చాడు. వారపు విశ్రాంతిదినమైన సబ్బాతునాడు చేయకూడని 39 రకాల పనుల పట్టిక అందులోదే: దున్నడం, విత్తడం, పిండి కలపడం, రెండక్షరాలు రాయడం, నిప్పు రాజేయడం, ఆర్పడం వగైరా. అయితే ప్రాణాపాయం ఉన్నచోట సబ్బాతును మీరైనా మనిషిని కాపాడాలి. మిష్నాపై సాగిన చర్చలే తాల్ముద్. ఆ తర్వాతి శతాబ్దాల్లో బాబిలోనియా పండితులు దూరదేశాల సందేహాలకు లేఖల ద్వారా జవాబులిచ్చారు. 12వ శతాబ్దిలో మైమోనిడీస్ అనే పండితుడు 14 భాగాల నియమసంగ్రహం మిష్నే తోరా రాశాడు. ఆధారాలు చూపలేదని దానిపై విమర్శ వచ్చింది.

1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టింది. వేర్వేరు ఊళ్ల ఆచారాలవాళ్లు ఒకేచోట చేరేసరికి ఎవరి పద్ధతి పాటించాలన్న చిక్కు వచ్చిపడింది. ఆ చిక్కు విప్పడానికి పూనుకున్న మహాపండితుడు యోసేఫ్ కారో (1488–1575). 1522లో మొదలుపెట్టిన బేత్ యోసేఫ్ అనే బృహద్గ్రంథాన్ని ఇరవై ఏళ్లకు గలిలయలోని సఫేద్‌లో పూర్తిచేశాడు. అల్ఫాసి, మైమోనిడీస్, ఆషెర్ బెన్ యెహీయేల్, ఈ ముగ్గురు పూర్వపండితుల్లో ఇద్దరు ఒప్పుకున్నదాన్ని సాధారణంగా తీర్పుగా తీసుకున్నాడు. దాని సారాన్ని షుల్హాన్ ఆరూఖ్ పేర ఎంతో స్పష్టమైన చిన్న వాక్యాల్లో రాశాడు. 1565లో వెనిస్‌లో అచ్చయింది. అందులో జర్మనీ, పోలండ్ యూదుల ఆచారాలకు తగినంత చోటు లేదని క్రాకోవ్‌కు చెందిన మోషే ఇస్సెర్లిస్ వ్యాఖ్య చేర్చాడు. పస్కా పండుగలో అన్నం వండుకోవచ్చని కారో అంటే, తమవైపు అది తినని ఆచారముందని ఇస్సెర్లిస్ రాశాడు. ఇద్దరి మాటా ఒకే పుటలో అచ్చవుతూ వచ్చింది. భిన్నాచారాలను తుడిచివేయకుండా ఒకే గ్రంథంలో నిలిపిన ఈ కూర్పు హలాఖా చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం.

19వ శతాబ్దిలో సంస్కరణవాదులు ఆహార నియమాలు నేటి కాలానికి తగవన్నారు. 1885 నాటి పిట్స్‌బర్గ్ తీర్మానం ఆ మాటే చెప్పింది. సనాతనులు పాలనను మరింత పట్టుగా నిలుపుకున్నారు. ఇస్రాయేల్ మేయిర్ కగాన్ 1884–1907 మధ్య వెలువరించిన మిష్నా బెరూరా నేటికీ వాళ్ల ఇళ్లలో సంప్రదింపు గ్రంథం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సమాజం కూడా సబ్బాతు, పస్కా పాటిస్తోంది.