పదుమూడు తంత్రుల పాట ఆరు తంత్రులపై

జపాను పాట యనగానే లోకమునకు మొదట స్ఫురించునది ‘సకురా సకురా’. చెర్రీ పూలను వర్ణించు ఈ గీతము ఏ పురాతన యుగమునాటిదో యని పలువురు తలతురు గాని, ఎడో కాలపు నగరములలో కోతో వాద్యమును క్రొత్తగా నేర్చు బాలల తొలిపాఠములలో ఇది యొకటి. దీనికి దేశవ్యాప్తి కలిగినది మెయిజీ ప్రభుత్వమువలన. పాఠశాలలలో సంగీతబోధన నెలకొల్పదలచి 1879లో ఇసావా షూజీ అధ్యక్షతన ఒక శాఖను స్థాపించి, మరుసటి యేట అమెరికానుండి లూథర్ వైటింగ్ మేసన్ అను ఉపాధ్యాయుని రప్పించిరి. ఆ శాఖయే పిమ్మట టోక్యో సంగీత విద్యాలయమై, 1888లో ప్రకటించిన కోతో గీతసంపుటమున ఈ పాటను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేసెను. సనాతనమని మనము మురియుచున్నవానిలో ఎన్ని ఇట్లు అచ్చుయంత్రము చలువవలన బ్రతికినవో!

కోతో యనునది ఆరడుగుల పొడవుగల దారువాద్యము. దాని పదుమూడు తంత్రులలో ప్రతిదాని క్రిందను జరుపదగిన గుఱ్ఱ మొకటి యుండును. వాదకుడు కుడిచేతి మూడు వ్రేళ్ళకు గోళ్ళు తొడిగి మీటుచు, గుఱ్ఱమునకు ఆవలివైపున ఎడమచేతితో తంత్రిని అదిమి స్వరమును పెంచును. పదునేడవ శతాబ్దమున అంధవిద్వాంసుడైన యత్సుహాషి కెంగ్యో పేర ప్రసిద్ధికెక్కిన శ్రుతిక్రమమునందు వెలసిన స్వరములు ఐదు. వానిని మన పరిభాషలో చెప్పవలెనన్న షడ్జము, శుద్ధ రిషభము, శుద్ధ మధ్యమము, పంచమము, శుద్ధ ధైవతము: కర్ణాటక శుద్ధ సావేరి స్వరములే. సకురా పాట మధ్యమమున మొదలై షడ్జమున విశ్రమించును.

ఈ స్వరములు గిటారునకు అమరిన తీరు చూడదగినది. మొదటి తంత్రిని షడ్జముగా గ్రహించినచో, వ్రేలు మోపకయే ఆరు తంత్రులలో నాలుగు ఈ రాగమునకు చెందినవై, రెండు షడ్జములు, ఒక మధ్యమము, ఒక పంచమము పలుకును. పంచమ తంత్రిపై మొదటి మెట్టున ధైవతమును, షడ్జ తంత్రిపై మొదటి మెట్టున రిషభమును సిద్ధముగా నుండును. పైగా రెండు వాద్యములందును నాదము మీటినంతనే పుట్టి క్రమముగా క్షీణించునదే గాని, వయొలిన్ వలె సాగునది కాదు.

1929లో స్పెయిను విద్వాంసుడు సెగోవియా జపానున కచేరీలు చేసిన పిదప అచటి యువకులకు గిటారుపై మక్కువ హెచ్చెను. కోతోపైనే సకురాకు మియాగి మిచియో 1923లో వైవిధ్యములు రచించియుండగా, గిటారునకు ఆ పని చేసి లోకఖ్యాతి గన్నవాడు యొకో యుకిహిరో. కోతో ధ్వనిని తలపించు మీటులతో నడచు ఆతని రచనలో, ఒకే స్వరమును వడివడిగా మీటి నాదము తెగనట్లు భ్రమింపజేయు ఖండము శ్రోతలను మిక్కిలి ఆకర్షించును. నాకు మాత్రము తంత్రి మ్రోగి ఆరిపోవుదాక వాదకుడు వేచియుండు తావులే ప్రియతరములు. పెక్కుమంది అనుసరణకర్తలు ఆ వేచియుండుటయే ఎరుగక, ప్రతి స్వరము క్రిందను పాశ్చాత్య స్వరసంయోగములను కుక్కి, పాటను చర్చి కీర్తనగా మార్చి విడిచిరి. తకి రెంతారో 1901లో బడిపిల్లలకై కూర్చిన ‘కోజో నో త్సుకి’ సంగతి వేరు. అది పాశ్చాత్య పద్ధతిన పుట్టిన పాట గనుక సంయోగములను సహించును. ఇక మహాస్వరకర్త తకెమిత్సు తోరు 1977లో గిటారునకు పండ్రెండు పాటలు అమర్చి, వానిలో బీటిల్స్ పాటలకును కార్మికోద్యమపు ‘ఇంటర్నేషనల్’ గీతమునకును చోటిచ్చియు, జపాను పాటను మాత్రము ఒక్కదానినే చేర్చుట వింత!

యొకో రచనను సెవిల్ నగరపు ఆల్కజార్ ప్రాసాదమున గిటారు విద్వాంసుడు జాన్ విలియమ్స్ వాయించిన కచేరీ 1993లో రికార్డుగా వెలువడినది. వీణానాదమునకు అలవడిన శ్రోతలు గమకములకై వెదకక, దానిని ఒకసారి ఆసాంతము వినవలెనని నా మనవి.