వీధి గది కథ: ఉత్తరాంధ్ర పల్లె కొట్లు ఇళ్ళుగా మారిన క్రమంపై ఒక పునఃపరిశీలన

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల్లో ఒకప్పటి కిరాణా కొట్లు ఇళ్ళుగా ఎలా మారాయన్న విషయం మీద రాసినవారు తక్కువ. రాసిన కొద్దిమందీ రైలు దిగకుండానే రాశారు. వారి కథ ఇలా సాగుతుంది. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుతీర రైలుమార్గం పడింది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు వచ్చింది. 1931 నాటికి విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా దారి పూర్తయింది. దాంతో ఎడ్లబళ్ళ బారులు ఆగిపోయాయి, ఉప్పు, బెల్లం, గోగునార స్టేషను ఉన్న ఊళ్ళకు చేరాయి, పల్లె కొట్టు ఎండిపోయింది, షావుకారు కొట్టు చెక్కలు మూసేసి అందులోనే కాపురం పెట్టాడు. వినడానికి కథ బాగుంది కాబట్టే ఎవరూ దాన్ని పరీక్షకు పెట్టలేదు. ఈ కట్టడాలను దగ్గరగా పరిశీలించినకొద్దీ అనుమానం బలపడుతుంది. ఈ వ్యాసం వాదన వేరు. కొట్టు ఇల్లుగా మారలేదు, ఇల్లే తన వీధి గదిని కొంతకాలం వ్యాపారానికి అప్పగించింది. ఊళ్ళో వసూలు కావలసిన పద్దు ఉన్నంతకాలం ఆ గది కొట్టుగా ఉంది. పద్దుకు బలం పోయిన రోజున ఇంటికి తిరిగి వచ్చింది. కాబట్టి ఈ మార్పును రైల్వే టైంటేబుల్లో వెతకడం దండగ. వెతకవలసింది అప్పు చరిత్రలో.

రైలు వాదానికి పెద్దదిక్కు డబ్ల్యు. ఫ్రాన్సిస్. ఆయన 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఈ ప్రాంతం మీద పనిచేసే ప్రతివారూ ముందుగా తెరిచే పుస్తకం. అంతకుముందు 1869లో కార్‌మైకేల్ రాసిన మాన్యువల్‌ను తెరిచేవారు ఇప్పుడు కనబడరు. ఫ్రాన్సిస్ మీద నా ఫిర్యాదు ఆయన రాసినదాని గురించి కన్నా, ఆయన పుస్తకం అమర్చిన పద్ధతి గురించి. మద్రాసు గెజిటీర్ల ఒరవడి ప్రకారం ఇళ్ళూ బట్టలూ తిండీ ప్రజల అధ్యాయంలోకి పోయాయి. కోమట్లూ సంతలూ సరుకులూ వృత్తులు, వ్యాపారం అధ్యాయంలోకి పోయాయి. దాన్ని ఆనుకుని రోడ్లూ రైళ్ళూ వచ్చాయి. ఒకే కప్పు కింద ఉన్న వంటిల్లూ త్రాసూ ఇలా రెండు అధ్యాయాలకు చీలిపోయాయి, త్రాసు పక్కకు రైలుబండి వచ్చి నిలబడింది. తర్వాతివారు ఈ అమరికనే కార్యకారణ సంబంధం అనుకున్నారు. ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. నేటి శ్రీకాకుళం జిల్లాలోని చికాకోలు (శ్రీకాకుళం), నరసన్నపేట, టెక్కలి, సోంపేట ప్రాంతాలు 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లాలోవి. వాటి గురించి చూడవలసింది 1882లో వెలువడిన మాల్ట్‌బీ గంజాం మాన్యువల్‌లో. ఫ్రాన్సిస్ పరిధిలో లేని ఊళ్ళకు ఫ్రాన్సిస్‌నే సాక్ష్యంగా చూపడం మన పరిశోధనలో ఇంకా సాగుతూనే ఉంది. ఇటీవల కట్టడాల పునర్వినియోగం మీద రాసేవారు రైలు వాదానికి అమెరికా పల్లెల జనరల్ స్టోర్‌ను కూడా జతచేశారు. అక్కడ కొట్టు విడిగా నిలిచిన కట్టడం, కనుక అది ఇల్లుగా మారిందంటే అర్థం ఉంది. గోడకు గోడ ఆనుకుని వీధి పొడవునా వరసగా సాగే మన ఇళ్ళకు ఆ నమూనా పట్టదు.

కట్టడమే ఇక్కడ ప్రధాన సాక్షి కనుక దాన్ని కాస్త నిదానంగా చూడాలి. వీధి అరుగు, దాని వెనక వీధి గది, ఆపైన నడవ, ధాన్యం గది, వంటిల్లు, పెరడు. ఈ వరుస కొట్టున్న ఇంటికీ కొట్టులేని ఇంటికీ ఒకటే. తేడా వీధి గది ముఖంలో ఉంటుంది. మామూలు ఇంటికి అక్కడ ఒక ద్వారబంధం, ఒక కిటికీ. కొట్టున్న ఇంటికి కిందా పైనా గాడి తీసిన దూలాలు, వాటిలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టే చెక్కలు, ఏ చెక్క ఎక్కడిదో తెలియడానికి ఒక్కోదాని మీదా ఒక అంకె. ఇప్పుడు ఇళ్ళుగా ఉన్న పాత కొట్లలో ఆ గాడిని మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి, మధ్యలో తలుపు పెట్టి, మిగతా వెడల్పుకు గోడ కట్టారు. గాడి మాత్రం పైదూలంలో అలాగే ఉంటుంది. గాడి తవ్వినది పాత దూలంలోనే, కొత్త దూలంలో కాదు. వాసాలూ ఎక్కడా తెగలేదు. అంటే ఇల్లు ముందు, కొట్టు తర్వాత. కొట్టు కోసమే కట్టి ఉంటే వీధి గది నుంచి వంటింటి దాకా కప్పు ఒకే పొడవున సాగవలసిన పని లేదు, వీధి గదికి వెనక ద్వారం ఇంటి నట్టింటి ద్వారానికి సూటిగా ఉండవలసిన పనీ లేదు. వాస్తు చూసి కట్టినది కాపురం కోసమే.

వీధి గది లోపలి గుర్తులు ఇంకా బలమైనవి. దూలానికి త్రాసు వేలాడదీసిన ఇనుపకొక్కెం, గల్లాపెట్టె వెనక దీపానికీ లక్ష్మీదేవి పటానికీ గూడు, చిట్టా ఆవర్జాలు దాచే చెక్కబీరువా ఆనుకున్నచోట సున్నం అంటని గోడ. వీటన్నిటికన్నా నమ్మదగినది ఉప్పు. నౌపడా ఉప్పు కొటారుల నుంచి వచ్చిన బస్తాలు ఏళ్ళ తరబడి గోడవారన ఉంటే అడుగు గోడ చెమ్మ పీల్చి, సున్నం పొరలుగా రాలిపోతుంది. ఎన్నిసార్లు పూసినా మళ్ళీ రాలుతుంది. వీధి గదిలో ఒక మూల మాత్రమే మోకాలి ఎత్తుదాకా ఇలా తినేసి ఉంటే అక్కడ ఉప్పు అమ్మారని వేరే దస్తావేజు అక్కర్లేదు. తీరప్రాంతపు గాలికి కూడా గోడ ఇలాగే రాలుతుందని అనేవారున్నారు. గాలి ఇల్లంతా వదిలేసి ఒక్క మూలనే ఎంచుకోదు. మరో గుర్తు కరెంటుది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైంది. ఆ తర్వాతే ఈ పల్లెలకు తీగలు పాకాయి. కొన్ని పాత వీధి గదుల్లో దూలం వెంట చెక్కపట్టీ మీద సాగిన మొదటి వైరింగు నేరుగా త్రాసు కొక్కెం దగ్గరికి వచ్చి ఆగుతుంది. తూకం కనబడాలనే అక్కడ బల్బు పెట్టారు. రైలు వచ్చి అరవయ్యేళ్ళు దాటాక బల్బు పెట్టించుకున్న కొట్టు రైలు వల్ల చచ్చిపోయిందనడం ఎలా కుదురుతుందో రైలువాదులే చెప్పాలి.

మరి ఆ కొట్టును నిలబెట్టినదేమిటి? రోజూ చేతిడబ్బుకు అమ్మే చిల్లర సరుకు మాత్రం కాదు. చింతపండు, కిరసనాయిలు, బెల్లం, చుట్టపొగాకు మీద మిగిలేది స్వల్పం. ఆ గదిని పోషించింది అరువు. రైతు కుంచాలూ అడ్డలూ కొలిచి వానాకాలంలో నాగుకు ధాన్యం తీసుకుంటాడు, నూర్పులయ్యాక వడ్డీ గింజలతో కలిపి కళ్ళంలోనే కొలిచి ఇస్తాడు. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, పర్లాకిమిడి ఠాణాలకు కిస్తు కట్టవలసిన గడువు వస్తే రొక్కం కూడా షావుకారే సర్దాలి. ఇంటి దినవెచ్చాలు, పెళ్ళి బట్టలు, చావు ఖర్చు అన్నీ అదే పద్దులో పడతాయి. ఈ లెక్క తేలడానికి ఏడాది పడుతుంది. తేలకపోతే మరో ఏడాది. ఇలాంటి వ్యాపారానికి టౌనులో గొడౌను పనికిరాదు. బాకీదారుడి పొలం ఎలా ఉందో, ఎవరి ఎద్దు చచ్చిందో, ఎవరింట్లో గాదె ఖాళీ అయిందో తెలిసేంత దగ్గరలో, అదే వీధిలో, రాత్రీపగలూ ఉండాలి. అందుకే కొట్టు ఇంట్లోనే ఉంది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో అప్పల్రాముడి బాకీ తగవు కోర్టుకు వెళ్ళదు, ఊరి పంచాయితీలోనే నడుస్తుంది. ఊళ్ళో బాకీ ఊళ్ళోనే తేలాలన్నది ఆ లోకపు నియమం. గెజిటీర్లు రెండు అధ్యాయాల్లో పెట్టినదాన్ని మన కథకుడు ఒక్క పంచాయితీలో చూపించాడు.

అప్పుకు చట్టం అడ్డుపడినప్పుడల్లా ఈ గది మీద దెబ్బ పడింది. 1917 నాటి మద్రాసు ఏజెన్సీ చట్టం మన్యంలో అప్పుల మీద వడ్డీని ఏడాదికి 24 శాతానికి మించకుండా కట్టేసింది, చక్రవడ్డీని తోసిపుచ్చింది. 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతుల రుణవిమోచన చట్టం 1932 అక్టోబరుకు ముందరి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దుచేసింది. పద్దులో అసలు మిగిలింది, ఏళ్ళు కాసిన కాపు పోయింది. జమీందారీల రద్దుతో కిస్తు కోసం షావుకారు దగ్గరికి పరిగెత్తే అవసరం తగ్గింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకు కొనడం, నిత్యావసరాలు అమ్మడం రెండూ తనే చేపట్టింది. 1977 రుణవిముక్తి చట్టం చిన్నరైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారి బాకీలను రద్దుచేసింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. తిండిగింజల కోసం అరువు అడగవలసిన అవసరమే లేకపోయాక నాగు ఎవరికి కావాలి? చెక్కలు మూసి గాడి పూడ్చిన పని ఎక్కువగా జరిగింది ఈ చివరి అంకంలోనే. ఈ చట్టాలు కాగితం మీదే ఉండిపోయాయన్న అభ్యంతరం ఒకటి ఉంది. అమలు సగమే అయినా చాలు. బాకీ వసూలవుతుందన్న నమ్మకం మీద నడిచే వ్యాపారానికి చట్టం అమలు కానక్కర్లేదు, అమలవుతుందేమోనన్న భయం ఉంటే సరిపోతుంది.

మన్యంలో ఈ విషయం మరింత స్పష్టం. శ్రీకాకుళం గిరిజన పోరాటం నాటి పెదగొట్టిలి ఘటనను ఉద్యమ చరిత్రకారులు పదేపదే రాశారు, కట్టడాల చరిత్రకారులు ఒక్కరూ తాకలేదు. 1968 నవంబరు 25న పార్వతీపురం ఏజెన్సీలో గిరిజనులు ఒక భూస్వామి, వడ్డీవ్యాపారి ఇంటి మీద పడ్డారు. వారు చేజిక్కించుకున్నవి రెండు: దాచిన ధాన్యం, ప్రామిసరీ నోట్లు. దాడి జరిగింది ఇంటి మీద, దొరికింది మాత్రం కొట్టు సామగ్రి. ఆ గుంపుకు ఇల్లేదో కొట్టేదో విడదీయవలసిన అవసరం కనబడలేదు. అక్కడ ఆ తేడా లేదు కాబట్టే. ఫ్రాన్సిస్ విడదీసినదాన్ని గిరిజనుడు విడదీయలేదు. ఆ తర్వాత వచ్చిన 1970 ఒకటో నంబరు రెగ్యులేషను 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను బిగించింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి స్థిరాస్తి గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప మరెవరికీ పోకూడదు. ఉన్నది కూడా గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందేనని భావిస్తారు, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అనుభవదారుడిదే. ఇక ఆ షావుకారు ఏం చేయగలడు? కొట్టు నడవదు, మరో వ్యాపారికి అమ్ముకోలేడు. మిగిలిన దారి ఒక్కటే: వీధి గదికి గోడ కట్టి, మంచం వేసి, ఇది మా తాతల నాటి నివాసమని చెప్పుకోవడం. మన్యంలో కొట్టు ఇల్లయింది చట్టం చేత. సీతంపేట, పార్వతీపురం దారుల్లోని పాత కోమటి ఇళ్ళన్నిటికీ ఈ కారణమే వర్తిస్తుందనడానికి నేను వెనుకాడను. మైదానానికి కూడా చాలావరకు ఇదే చాలు, అక్కడ రెగ్యులేషను లేకపోయినా పాత బాకీ కొట్టివేత అదే పని చేసింది.

రైలు ప్రభావమే లేదని నేననను. కళింగపట్నం రేవు గొడౌన్లు ఖాళీ అవడంలో దానికి పాత్ర ఉంది. కానీ రేవు గొడౌను పల్లె కొట్టు కాదు, దాని వెనక నట్టిల్లు లేదు. పైగా రైలు వాదం నిజమైతే స్టేషను ఉన్న ఊళ్ళ చుట్టుపక్కల పల్లె కొట్లు ముందుగా మూతపడాలి. జరిగింది అందుకు విరుద్ధం: ఆమదాలవలస, పలాస, బొబ్బిలి, పార్వతీపురం వ్యాపారపు ఊళ్ళయ్యాయి. పల్లె షావుకారు అక్కడి నుంచి సరుకు తెచ్చి, అరువు మీదనే అమ్మాడు. రైలు అతని బండిఖర్చు తగ్గించింది, అతని పద్దును ముట్టుకోలేదు. విశాఖకూ హైదరాబాదుకూ వలసపోయిన వ్యాపార కుటుంబాలే కొట్లు మూశాయన్న మాటలోనూ కొంత నిజముంది, అయితే వలస ఫలితమే గాని కారణం కాదు. కులం మాట కూడా ఎత్తవచ్చు: 1909లో థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో గవర కోమట్లనూ కళింగ కోమట్లనూ వేరువేరుగా లెక్కించాడు కదా, వారి ఇళ్ళ తీరు వేరు కాదా అని. పూజలూ తిండీ వేరు కావచ్చు. వీధి గది దూలంలో గాడి తీసిన పద్ధతిలో ఆ తేడా నాకు కనబడదు.

ఈ వాదనను కాదనాలనుకునేవారు వెళ్ళవలసిన చోట్లు మూడు. పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టర్లు ఒకటి. అవి ఒక్కో కట్టడాన్ని ఏ ఏడు నుంచి నివాసంగా లెక్కించాయో 1938, 1977 చట్టాల పక్కన పెట్టి చూడాలి. రెండోది భూబదలాయింపు నిబంధనల కింద గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ల ముందు నడిచిన కేసుల ఫైళ్ళు. ‘ఇది కొట్టు కాదు, మా ఇల్లు’ అన్న మాట ప్రమాణపూర్వకంగా దొరకగల చోటు అది. మూడోది వీధి గదులు. సున్నం కొత్తగా వేయించుకునే ముందు ఆ ఉప్పు తిన్న మూలను ఎవరైనా కొలిచి, గీసి పెట్టుకోవాలి. రైల్వే స్టేషన్ల జాబితా మాత్రం ఇప్పటికే అందరి దగ్గరా ఉంది.